తొమ్మిది చోట్ల ఆఫీసులుంటే సైట్-టు-సైట్ వీపీఎన్ ఎలా కట్టాలి: ఫుల్ మెష్షా, హబ్ అండ్ స్పోకా?

నమస్తే. తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుందని మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల వ్యాపారం. హనుమకొండలో హెడ్ ఆఫీసు, ఎనుమాముల మార్కెట్ దగ్గర గోదాము, నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, హుజూరాబాద్, జమ్మికుంట, మహబూబాబాద్‌లలో షాపులు. మొత్తం తొమ్మిది చోట్లు. వీటిని మామూలు ఇంటర్నెట్ మీదుగానే ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపేది సైట్-టు-సైట్ వీపీఎన్, అందులో రెండు చోట్లని కలిపే రహస్య దారి టన్నెల్. ట్యాలీ, స్టాకు సాఫ్ట్‌వేర్ రెండూ హెడ్ ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయి. ఒక వెండర్ ఏమో "అన్నిటినీ అన్నిటితో కలిపేద్దాం, ఫుల్ మెష్ చేస్తే ఏ లైన్ పోయినా టెన్షన్ ఉండదు" అన్నాడు. ఇంకొకాయన "అన్ని షాపులనీ హెడ్ ఆఫీసుకే కట్టెయ్యండి, చాలు" అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

రెండో ఆయన మాటే వినండి. అదే హబ్ అండ్ స్పోక్: మధ్యలో ఒక హబ్, మిగతావన్నీ దానికే కట్టి ఉంటాయి. కాకపోతే హబ్ ఒకటి కాదు, రెండు పెట్టండి. ఒకటి హనుమకొండ హెడ్ ఆఫీసులో, రెండోది హైదరాబాద్‌లోని ఏదైనా క్లౌడ్‌లో ఒక చిన్న వర్చువల్ మెషీన్ (ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే కంప్యూటర్) మీద. ప్రతి షాపు నుంచి రెండు హబ్‌లకీ చెరో టన్నెల్. షాపుకీ షాపుకీ మధ్య నేరుగా టన్నెల్ అవసరమైనచోట మాత్రమే వేసుకోవాలి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇప్పటికి ఎక్కడా అవసరం లేదు.

లెక్క చూస్తే, తొమ్మిది చోట్లకి ఫుల్ మెష్ అంటే 9×8÷2, అంటే 36 టన్నెళ్లు. నేను చెప్పిన పద్ధతిలో హనుమకొండకి 8, క్లౌడ్‌కి 8, రెండు హబ్‌ల మధ్య ఒకటి, మొత్తం 17. కానీ నేను మెష్ వద్దనడానికి అసలు కారణం ఈ సంఖ్య కాదు. స్క్రిప్టు రాసుకుంటే 36 కాదు, 100 టన్నెళ్లయినా కట్టొచ్చు.

మెష్ వేస్తే లైన్ పోయినా ఇబ్బంది ఉండదన్న మాట తప్పు. వెండర్ గీసిన బొమ్మలో నర్సంపేట షాపు నుంచి ఎనిమిది గీతలు బయటికి పోతుంటాయి. ఎనిమిది దార్లున్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి అనిపిస్తుంది. నిజానికి ఆ ఎనిమిదీ ఒకే ఫైబర్ తీగ మీద, ఒకే రూటర్ నుంచి, షాపు ముందున్న ఒకే స్తంభం మీదుగా పోతాయి. రోడ్డు వెడల్పు చేసే పనిలో జేసీబీ ఆ ఫైబర్‌ని లేపేసిందంటే ఎనిమిదీ ఒకే క్షణంలో పోతాయి. టన్నెల్ అంటే సాఫ్ట్‌వేర్‌లో గీసుకున్న గీత మాత్రమే, దానికంటూ వేరే తీగ ఏదీ లేదు. షాపుకి నమ్మకం కావాలంటే రెండో ఇంటర్నెట్ లైన్ కావాలి, లేదా 4జీ సిమ్ వేసే రూటర్ కావాలి. వెండర్‌కి ఇవ్వబోయే డబ్బులు ముందు దాని మీద పెట్టండి.

ఇక టోపాలజీ, అంటే టన్నెళ్ల అమరిక, ఎలా ఎంచుకోవాలన్న విషయానికి వస్తాను. మ్యాపు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. ఎవరు ఎవరితో, ఏ పని మీద, ఎంత డేటా మాట్లాడతారో రాయండి. మీ వ్యాపారంలో షాపులో బిల్లు కొడితే అది హెడ్ ఆఫీసు సర్వర్‌కి పోతుంది. గోదాములో లారీ దిగితే స్టాకు ఎంట్రీ కూడా హెడ్ ఆఫీసుకే పోతుంది. మరి షాపు నుంచి షాపుకి? "జమ్మికుంటలో ఫలానా రకం పత్తి విత్తనం ఎన్ని ప్యాకెట్లున్నాయి" అని పరకాల కుర్రాడికి తెలియాలి. ఆ లెక్క జమ్మికుంట కంప్యూటర్‌లో ఉండదు, హెడ్ ఆఫీసు సర్వర్‌లోనే ఉంటుంది. లేదంటే ఫోన్ చేసి కనుక్కుంటాడు. అంటే షాపుల మధ్య నేరుగా పోయే డేటా దాదాపు సున్నా. పని అంతా ఒకే చోటికి పోతున్నప్పుడు టన్నెళ్లు కూడా అక్కడికే పోవాలి. పరకాల–జమ్మికుంట టన్నెల్ వేస్తే దాన్ని కాపలా కాయడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

"హబ్ మీదుగా పోతే చుట్టు తిరుగుడు కదా, లేటవదా" అని కూడా అడిగారు. మ్యాపు మీద చూస్తే భూపాలపల్లి నుంచి ములుగుకి సరుకు హైదరాబాద్ తిప్పి పంపడం పిచ్చితనం. నెట్‌వర్క్‌లో అలా ఉండదు. రెండు షాపుల్లో వేర్వేరు ఇంటర్నెట్ కంపెనీలుంటే, ఒకదాని ప్యాకెట్ రెండోదానికి ములుగు చౌరస్తాలో చేతులు మారదు. ఆ రెండు కంపెనీలు ఎక్కడ కలుస్తాయో అక్కడిదాకా పోయి రావాలి. మన దగ్గర అది చాలావరకు హైదరాబాద్, ఒక్కోసారి చెన్నై, ముంబయి కూడా అవుతుంది. అనుమానముంటే ఒక షాపు నుంచి ఇంకో షాపు పబ్లిక్ ఐపీకి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ పోయే దారి చూపే కమాండ్) కొట్టి చూడండి. మీరు "నేరుగా" వేశామనుకున్న టన్నెల్ కూడా చుట్టు తిరిగే పోతోందని తెలుస్తుంది. క్లౌడ్ హబ్ హైదరాబాద్‌లో పెట్టమన్నది కూడా అందుకే. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) అక్కడ 2022 నవంబరు నుంచి ఉంది. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. మధ్యలో రూటర్ల ఆలస్యం కలుపుకున్నా బిల్లింగ్‌కి అది తెలియను కూడా తెలియదు. ఫోన్ మాటలకి కూడా ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపు ఆలస్యం ఉంటే ఇబ్బంది లేదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెప్తుంది. మీరు అందులో పదో వంతుకి కూడా చేరకపోవచ్చు.

మెష్‌కి అసలు అడ్డు సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీయే పెట్టే నాట్ (చాలామందిని ఒకే ఐపీ వెనక పెట్టే పద్ధతి). దీని గురించి మీ ఇద్దరు వెండర్లలో ఒక్కరూ చెప్పినట్టు లేదు. షాపుల్లో తీసుకునే మామూలు బ్రాడ్‌బ్యాండ్ చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ ఉండదు. వందల మంది కస్టమర్లని కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడుతుంది. మీ రూటర్‌లో వ్యాన్ (WAN, అంటే ఇంటర్నెట్ వైపు) అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, ఆ వరసని దానికోసమే కేటాయించారు. 10తో మొదలైనా అదే కథ. అలాంటి కనెక్షన్ నుంచి మీరు బయటికి పిలవగలరు, బయటివాళ్లు మిమ్మల్ని పిలవలేరు. టన్నెల్ లేవాలంటే రెండు కొసల్లో ఒకటైనా పిలుపు అందుకునేలా ఉండాలి. రెండు షాపులూ సీజీనాట్ వెనక ఉంటే వాటి మధ్య మామూలుగా టన్నెల్ లేవదు. వెండర్ 36 కాన్ఫిగర్ చేసి బిల్లు తీసుకుని పోతాడు, అందులో లేచేవి ఎనిమిదో పదో ఉంటాయి.

అదే హబ్ పద్ధతిలో స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) హబ్‌కి మాత్రం ఉంటే చాలు. షాపులు ఎక్కడి నుంచైనా, ఏ లైన్ మీద నుంచైనా, 4జీ మీద నుంచైనా హబ్‌ని పిలుస్తాయి. హెడ్ ఆఫీసుకి ఒక స్టాటిక్ ఐపీ కొనండి, క్లౌడ్ మెషీన్‌కి ఎలాగూ తీసుకోవచ్చు. టన్నెల్ కట్టడానికి ఐపీసెక్, వైర్‌గార్డ్ అని రెండు పద్ధతులు చూద్దాం. ఐపీసెక్ అయితే హబ్ వైపు యూడీపీ 500, 4500 పోర్టులు తెరవాలి. నాట్ వెనక నుంచి వచ్చేవాళ్లంతా 4500 మీదే వస్తారు. వైర్‌గార్డ్ అయితే మీరు పెట్టుకున్న ఒక్క యూడీపీ పోర్టు చాలు, మామూలుగా 51820 వాడతారు. షాపు వైపు కీప్ అలైవ్ (పని లేకున్నా పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లకోసారి పెట్టండి, లేకపోతే మధ్యలో నాట్ ఆ దారిని మర్చిపోతుంది, హబ్ నుంచి షాపు ప్రింటర్‌కి పంపినవేవీ చేరవు.

ఇప్పుడు రెండో హబ్ సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండో హబ్ పెట్టి కూడా దాని ఫలితం పొందరు.

మీ సర్వర్ హనుమకొండలో ఉంది. హెడ్ ఆఫీసు ఇంటర్నెట్ పోయిందనుకోండి. షాపులన్నీ క్లౌడ్ హబ్‌కి మారిపోతాయి, బాగుంది. కానీ క్లౌడ్ హబ్ నుంచి సర్వర్ దగ్గరికి దారేది? హెడ్ ఆఫీసు లైనే కదా పోయింది! హబ్ బతికే ఉంటుంది, దాని అవతల ఎవరూ ఉండరు. కాబట్టి హెడ్ ఆఫీసులో రెండో లైన్ తప్పనిసరి. వేరే కంపెనీది, వీలైతే వేరే స్తంభం మీదుగా వచ్చేది. లైన్ వేసే కుర్రాణ్ని వెంటబెట్టుకుని బయటికి పోయి తీగలు ఎటు పోతున్నాయో కళ్లతో చూడండి. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభానికి కట్టి ఉంటే రెండు లైన్లున్నా ఒకటి ఉన్నట్టే.

క్లౌడ్ హబ్ ఉండటం వల్ల వచ్చే అసలు లాభం ఇక్కడే. హెడ్ ఆఫీసు రెండో లైన్‌కి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు. సీజీనాట్ ఉన్న చవక లైన్ అయినా, 4జీ డాంగిల్ అయినా సరే. హెడ్ ఆఫీసు రూటరే ఆ లైన్ మీద నుంచి క్లౌడ్ హబ్‌ని పిలిచి టన్నెల్ లేపుకుంటుంది. మొదటి లైన్ పోయినప్పుడు హెడ్ ఆఫీసు కూడా ఒక షాపులాగే క్లౌడ్‌కి వచ్చి చేరుతుంది. షాపులు అటునుంచి, సర్వర్ ఇటునుంచి హైదరాబాద్‌లో కలుసుకుంటాయి. ఆ టన్నెల్‌ని, లైన్ పోయినప్పుడు లేపుదామని ఉంచకండి, ఎప్పుడూ లేచే ఉండాలి.

ఒకవేళ హెడ్ ఆఫీసు కరెంటే పోయి ఇన్వర్టర్ కూడా దిగిపోతే, లేదా నీళ్లే వచ్చేస్తే, ఏ టోపాలజీ కాపాడదు. 2023 జులై చివర్లో పడ్డ వానలు మీకు గుర్తుండే ఉంటాయి, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, హనుమకొండలో నాలా పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. సర్వర్, రూటర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే ముందు వాటిని పై అంతస్తుకి ఎక్కించండి. డేటా కాపీ రోజూ రాత్రి క్లౌడ్‌కి పోయేలా పెట్టుకోండి. అది బ్యాకప్ సమస్య, వీపీఎన్ సమస్య కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ములుగు షాపు గురించి ఒక మాట. అక్కడ రెండో లైన్‌గా 4జీ పెట్టుకుంటే రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో దాన్ని నమ్ముకోకండి. దారి పొడుగునా జనమే, టవర్లన్నీ నిండిపోతాయి. ఆ నాలుగు రోజులు లైన్ పోతే చేత్తో బిల్లులు రాసి తర్వాత ఎక్కించుకోవడానికి బుక్కు ఒకటి పక్కన పెట్టుకోండి.

అడ్రసులు ముందు సరిచేయండి, టన్నెల్ తర్వాత. నేను చూసిన చాలా చోట్ల పని ఆగేది ఇక్కడే. ప్రతి షాపులో రూటర్ డబ్బాలోంచి తీసినట్టే పెట్టి ఉంటారు, లోపల నెట్‌వర్క్ 192.168.1.0 లేదా 192.168.0.0. తొమ్మిది చోట్లా అదే. రెండు చోట్ల ఒకే నెంబర్లుంటే రూటర్‌కి ఏది నర్సంపేటో ఏది పరకాలో ఎలా తెలుస్తుంది? నాట్ పెట్టి నెట్టుకురావొచ్చు గానీ, ఆర్నెల్లయ్యాక ఆ నాట్ రూల్స్ చదివి అర్థం చేసుకునేవాళ్లు ఉండరు. మొత్తానికి 10.20.0.0/16 (10.20తో మొదలయ్యే అడ్రసులన్నీ) తీసుకోండి. హెడ్ ఆఫీసుకి 10.20.1.0/24 (10.20.1తో మొదలయ్యేవి), గోదాముకి 10.20.2.0/24, నర్సంపేటకి 10.20.3.0/24, అలా వరసగా. టన్నెళ్ల సొంత అడ్రసులకి 10.20.250.0/24, 10.20.251.0/24 పక్కన ఉంచండి. ఆదివారం ఒక్కో షాపు మారుస్తూ పోండి. ప్రింటర్లు, డీవీఆర్‌లకి (సీసీటీవీ రికార్డర్లు) స్టాటిక్ ఐపీ పెట్టి ఉంటే అవి కూడా మార్చాలి. అందరూ మర్చిపోయేవి అవే.

ఇలా వరసగా ఇస్తే ఒక లాభముంది. షాపు రూటర్‌లో ఒకే ఒక రూటు రాస్తే చాలు, 10.20.0.0/16 మొత్తం హబ్ వైపు. రేపు మీరు ఏటూరునాగారంలో పదో షాపు తెరిస్తే ఆ షాపులోనూ రెండు హబ్‌లలోనూ మార్పు చేస్తే అయిపోతుంది. మిగతా ఏడు షాపుల్లో, గోదాములో రూటర్ ముట్టుకోనక్కర్లేదు. మెష్ అయితే తొమ్మిది చోట్లా తొమ్మిది రూటర్లు తెరిచి కొత్తదాన్ని చేర్చాలి, టన్నెల్ కీలు (రహస్య సంకేతాలు) పంచాలి, ఫైర్‌వాల్ రూల్స్ రాయాలి. ఖర్చు కట్టేటప్పటికంటే ఇలా మార్చాల్సి వచ్చినప్పుడే ఎక్కువ తెలుస్తుంది. మన వైపు ఒక చిట్‌ఫండ్ ఆఫీసుల నెట్‌వర్క్ నా చేతికి వచ్చేటప్పటికి పన్నెండు బ్రాంచీల ఫుల్ మెష్. కాగితం మీద 66 టన్నెళ్లు. కట్టిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడు, తర్వాత రెండు బ్రాంచీలు ఇంటర్నెట్ కంపెనీని మార్చాయి, ఐపీలు మారాయి. కొన్ని రూటర్లలో కొత్త ఐపీ ఉంది, కొన్నిట్లో పాతదే ఉంది. "ఫలానా బ్రాంచికి ఇక్కడి నుంచి వస్తుంది, అక్కడి నుంచి రాదు" అని రోజూ ఫోన్లు. అందులో నిజంగా డేటా పోతున్న టన్నెళ్లు ఏవని చూస్తే హెడ్ ఆఫీసువే. మిగతావి తీసేశాం, ఎవరూ ఏదీ పోయిందని అడగలేదు.

ఇంకో కారణం భద్రత. ఒక షాపులో ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారు, కంప్యూటర్‌కి వైరస్ తగిలింది. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై గుర్తుందా, ఫైల్ షేరింగ్‌కి వాడే టీసీపీ 445 పోర్టు మీదుగా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తనంతట తానే పాకింది. మెష్‌లో ప్రతి షాపూ ప్రతి షాపుకీ తెరిచి ఉంటుంది, ఆపాలంటే తొమ్మిది చోట్లా రూల్స్ రాయాలి. హబ్ అయితే అంతా ఆ గుమ్మం దాటే పోవాలి కాబట్టి రూల్ ఒక్కచోట రాస్తే చాలు. షాపు నుంచి షాపుకి పూర్తిగా బంద్, షాపు నుంచి సర్వర్‌కి కావాల్సిన పోర్టులు మాత్రమే. రెండో హబ్‌లో కూడా అవే రూల్స్ పెట్టడం మర్చిపోవద్దు.

మెష్ ఎప్పుడూ పనికిరాదని కాదు. ఒక జిన్నింగ్ మిల్లు వాళ్లకి మూడే చోట్లు, మూడింటికీ స్టాటిక్ ఐపీలు, ఒక్కోచోట ఒక్కో సర్వర్. అందరూ అందరితో మాట్లాడతారు. అక్కడ మూడు టన్నెళ్ల మెష్ పెట్టాం. మూడు చోట్లకి హబ్ అనేది అనవసరపు మధ్యవర్తి. నాలుగు చోట్లకి కూడా, అన్నిటికీ పబ్లిక్ ఐపీ ఉంటే, నేను మెష్‌కే మొగ్గుతాను. అయిదు దాటాక మాత్రం "ఎందుకు" అని అడగడం మొదలుపెడతాను.

మధ్యే మార్గం కూడా ఉంది, పార్షియల్ మెష్. ఒక డయాగ్నస్టిక్ సెంటర్ల వాళ్లకి హనుమకొండలో హబ్, స్కాన్ మెషీన్ కరీంనగర్‌లో, రిపోర్టు రాసే డాక్టర్ మంచిర్యాల సెంటర్‌లో. ఒక్క సీటీ స్కాన్ ఫైళ్లు కొన్ని వందల ఎంబీలుంటాయి. కరీంనగర్ నుంచి హనుమకొండకి వచ్చి, మళ్లీ హనుమకొండ నుంచి మంచిర్యాలకి పోయేవి. అంటే హబ్ లైన్ మీద అదే ఫైలు రెండుసార్లు, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. పొద్దున స్కాన్లు మొదలవగానే హనుమకొండలో బిల్లింగ్ కౌంటర్ ముందు క్యూ పెరిగేది. కరీంనగర్‌కి ఒక్కదానికి స్టాటిక్ ఐపీ తీసుకుని, మంచిర్యాల నుంచి నేరుగా అక్కడికి ఒక టన్నెల్ వేశాం. మిగతావన్నీ పాత హబ్ మీదే ఉన్నాయి. అవసరం కనపడ్డచోట ఒక గీత కలపడం ఎప్పుడైనా తేలిక, ముందే అన్నీ గీసేసి తర్వాత తీయడం కష్టం.

షాపుల సీసీటీవీ హెడ్ ఆఫీసులో చూడాలని మీరు రాశారు, మీకు ఈ లెక్క అక్కడ తగులుతుంది. కెమెరా ఒకటి 2 ఎంబీపీఎస్ అనుకుంటే నాలుగు కెమెరాల షాపు 8, ఏడు షాపులు ఒకేసారి తెర మీద పెడితే 56. హెడ్ ఆఫీసుకి పర్వాలేదు గానీ, షాపు అప్‌లోడ్ స్పీడు చూసుకోండి. మీ నాన్నగారు ఇంట్లో కూర్చుని హెడ్ ఆఫీసు మీదుగా అవే చూస్తే హెడ్ ఆఫీసు అప్‌లోడ్ కూడా అంతే తింటుంది. కెమెరాల్లో సబ్‌స్ట్రీమ్ అని తక్కువ క్వాలిటీ దారి ఒకటి ఉంటుంది, అది వాడండి. కెమెరాలని క్లౌడ్ హబ్ మీదుగా మాత్రం పోనివ్వకండి. క్లౌడ్ నుంచి బయటికి పోయే డేటాకి ఛార్జీ ఉంటుంది, నెలాఖరు బిల్లు చూసి గుండె ఆగుతుంది.

పెద్ద కంపెనీల పరికరాల్లో హబ్‌లాగే మొదలై, అవసరమైనప్పుడు రెండు బ్రాంచీల మధ్య టన్నెల్ తానే లేపే సదుపాయం ఉంటుంది. సిస్కోలో డీఎంవీపీఎన్, ఫోర్టినెట్‌లో ఏడీవీపీఎన్. మంచివే, యాభై బ్రాంచీల బ్యాంకుకైతే నేనూ అదే చెప్తాను. కానీ రెండు కొసలూ సీజీనాట్ వెనక ఉంటే అవి కూడా మామూలుగా హబ్ మీదుగానే పోతాయి. మీ సైజుకి ఆ లైసెన్సులు, ఆ తెలివైన మనిషి జీతం దండగ.

కాన్ఫిగర్ చేసేవాళ్లకి కొన్ని మాటలు. ఐపీసెక్ వాడితే ఐకేఈవీ2, రూట్ బేస్డ్ టన్నెల్ (ఏది టన్నెల్‌లోకి పోవాలో రూట్లే చెప్పేది) పెట్టండి. పాలసీ బేస్డ్‌లో ప్రతి నెట్‌వర్క్ జతకీ విడిగా రాయాలి, ఒక కొసలో /24 అనీ ఇంకో కొసలో /16 అనీ రాస్తే లేచినట్టే కనిపించి డేటా పోదు. షాపు షాపుకీ వేరే కీ పెట్టండి, అన్నిటికీ ఒకటే పెడితే ఒక రూటర్ దొంగతనం అయిన రోజు అన్నీ మార్చాలి.

వైర్‌గార్డ్ వాడితే, మైక్రోటిక్‌లో రూటర్ ఓఎస్ 7 నుంచి ఉంది కాబట్టి మన దగ్గర చాలామంది అదే వాడుతున్నారు, రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకే ఇంటర్‌ఫేస్‌లో ఇద్దరు పీర్‌లకి (అవతలి కొసలకి) ఒకే అలౌడ్ ఐపీ వరస ఇవ్వలేరు, ఇస్తే చివర ఇచ్చినవాడికే పోతుంది. రెండు హబ్‌లకీ 10.20.0.0/16 కావాలి కాబట్టి రెండు హబ్‌లకి రెండు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లు పెట్టి, ఏది ముందో రూటు డిస్టెన్స్‌తో చెప్పండి. రెండోది, వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ అవతలి కొస చచ్చిపోయినా లేచే ఉన్నట్టు చూపిస్తుంది. టన్నెల్ నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ చివరిగా పలకరించుకుని ఎంతసేపైందో) చెప్తుంది. కీప్ అలైవ్ పెట్టిన చోట అది సుమారు 2 నిమిషాల లోపే ఉండాలి, 3 నిమిషాలు దాటిందంటే పోయినట్టే. కాబట్టి రూటుకి పింగ్ చెక్ పెట్టండి, లేదా రెండు హబ్‌లతో బీజీపీ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) నడపండి. బీజీపీ పేరు వినగానే భయపడతారు గానీ ఇక్కడ అది చేసే పని చిన్నది. షాపు తన /24 చెప్తుంది, హబ్ /16 చెప్తుంది. అది ఉంటే వెళ్లిన దారిలోనే జవాబు తిరిగి వస్తుంది. స్టాటిక్ రూట్లతో రెండు హబ్‌లు పెట్టినచోట నేను చూసే మొదటి జబ్బు అదే. షాపు రెండో హబ్ మీదుగా అడుగుతుంది, హెడ్ ఆఫీసు మొదటి హబ్ మీదుగా జవాబిస్తుంది, మధ్యలో ఫైర్‌వాల్ "ఇది ఎవరికి జవాబు" అని పడేస్తుంది.

టన్నెల్ లేచాక పింగ్ బాగా వస్తూ, లాగిన్ తెర కూడా వచ్చి, పెద్ద రిపోర్టు తీయగానే వేలాడుతుంటే అది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, సమస్య. ఫైబర్ లైన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే రకం) అయితే 1500 బదులు 1492 ఉంటుంది, వీపీఎన్ పొర అందులోంచి ఇంకొంత తింటుంది. హబ్‌లలో, షాపుల్లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (ప్యాకెట్‌లో డేటా గరిష్ఠ సైజు) 1360కి బిగించండి, ఎక్కువ చోట్ల పోతుంది.

షాపు ఇంటర్నెట్ మొత్తాన్ని టన్నెల్‌లోకి తోయకండి. ఎరువుల సబ్సిడీ అమ్మకానికి వాడే పీఓఎస్ మిషన్, జీఎస్టీ పోర్టల్, యూపీఐ ఇవన్నీ షాపు నుంచి నేరుగా బయటికి పోవాలి. 10.20 వరస మాత్రమే టన్నెల్‌లోకి. జూన్‌లో వానలు పడి షాపు ముందు రైతులు నిలబడ్డ రోజు మీ హబ్ పోయినా యూరియా అమ్మకం ఆగకూడదు.

ఆఖరుగా ట్యాలీ. డేటా ఫోల్డర్‌ని షేర్ చేసి వీపీఎన్ మీదుగా షాపులో తెరిస్తే ఏ టోపాలజీలోనైనా నత్తనడకే, లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి, షాపువాళ్లు టన్నెల్ లోపలి నుంచి దానికి లాగిన్ అయ్యేలా చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బయటి ఇంటర్నెట్‌కి ఎట్టి పరిస్థితుల్లో తెరవొద్దు.

రూటర్ల మోడళ్లు, హెడ్ ఆఫీసులో రెండు లైన్లు ఎవరివి, ప్రతి షాపు వ్యాన్ ఐపీలో మొదటి రెండు సంఖ్యలు (100.64 లాగా) ఇక్కడ పెట్టండి. పూర్తి ఐపీలు, కీలు పెట్టకండి. అవి చూసి ఏ షాపుతో మొదలుపెట్టాలో, ఉన్న రూటర్లలో ఏవి సరిపోతాయో చెప్తాను. డబ్బా మీద గిగాబిట్ అని రాసి ఉంటే నమ్మకండి, అది వీపీఎన్ లేనప్పటి లెక్క.